వాడ నుంచి – 19: లక్ష రూపాయల కునుకు



పోయిన ఆదివారం ఇక్కడ అమ్మ ఫొటో ఒకటి పెట్టాను. విమానంలో, గదవ దాకా దుప్పటి కప్పుకొని, కాళ్లు బారజాపుకొని నిద్రపోతున్న ఫొటో. మీరంతా చాలా ప్రేమగా స్పందించారు. సంతోషం. కానీ రెండు కామెంట్లు మాత్రం వారమంతా నా వెంటే తిరిగాయి.

మొదటిది పీజీ చదువుతున్న ఒక తమ్ముడిది. "సార్, ఆ సీటు ఎంత?" అని అడిగాడు. దాచేదేముంది, చెప్పాను. మామూలు టికెట్ మీద అదనంగా 98,000 రూపాయలు. అదీ ఒక వైపుకి, ఒకే ఒక్క విమానానికి. కాసేపటికి "ఇద్దరు పిల్లల ఏడాది మెస్ బిల్లు సార్ అది" అని రాసి వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది.

రెండోది పాత ఉద్యమ మిత్రుడిది. "అన్నా, దెబ్బంటే ఇదీ! దొరసానుల పక్కన మాదిగ తల్లిని పండవెట్టినవ్. బాబాసాహెబ్ సూటు తొడిగింది గిందుకే." దానికి వందకు పైగా లైకులు.

నన్ను పొడిచిన మొదటి మాటతో నాకు సగం పేచీ. నన్ను పొగిడిన రెండో మాటతో పూర్తి పేచీ. ఈ వారం ఆ రెండింటి గురించే.

ముందు సంగతి చెప్తాను. చెల్లె డాలస్‌లో ఉంటుంది. జూన్‌లో కాన్పు. మేలో నాకు కాలేజీ సెలవులు కాబట్టి అమ్మను నేనే తీసుకెళ్లి దిగబెట్టి రావాలనుకున్నాం. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా నాలుగున్నర గంటలు. అక్కడ మూడు గంటలు పడిగాపులు. అక్కడి నుంచి డాలస్‌కు దాదాపు పదహారు గంటలు.

అమ్మకు 62 ఏళ్లు. సాగర్ ఎడమ కాలువ కింద ముప్పై అయిదేళ్లు నాట్లు వేసింది. నాటు వేయడం మీలో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: మోకాళ్లు వంచకుండా నడుం దగ్గర రెండుగా విరిగి, బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ పొద్దంతా చేసే పని అది. ఆ నడుంలో ఇప్పుడు రెండు డిస్కులు అరిగిపోయాయి. నల్లగొండ నుంచి హైదరాబాద్ రావడానికి బస్సెక్కితే చౌటుప్పల్ దగ్గరకొచ్చేసరికి లేచి కమ్మీ పట్టుకొని నిలబడుతుంది. సీటు ఉండి కూడా నిలబడే మనిషిని చూసి కండక్టర్లు నవ్వుతారు. "పండుకుంటే ఏం గాదు, నడిస్తే ఏం గాదు, కూసుంటేనే సావొస్తది" అంటుంది. డాక్టరు కూడా కాస్త పెద్ద మాటల్లో అదే చెప్పాడు.

అలాంటి మనిషిని పదహారు గంటలు ఎకానమీ సీట్లో కూర్చోబెట్టాలి. వెడల్పు 17, 18 అంగుళాలు. మన వీపు ఆనేచోటి నుంచి ముందువాడి వీపు ఆనేచోటి దాకా 31 అంగుళాలు, అటూ ఇటూగా. ప్రీమియం ఎకానమీ అని మధ్యలో ఒక మెట్టు ఉంది. అందులో ఆ దూరం 38 అంగుళాలు. కాళ్లకు చోటు దొరుకుతుంది, సీటు ఇంకాస్త వెనక్కి వాలుతుంది. అయినా అదీ కూర్చునే సీటే. పూర్తిగా మంచంలా పరుచుకునేది బిజినెస్ క్లాస్ సీటు. ఒకప్పుడు బిజినెస్‌లోనూ పడక్కుర్చీ లాంటి సీట్లే ఉండేవి. ఈ మంచాలు 2000 నుంచే వచ్చాయి. ఇప్పటికీ కొన్ని విమానాల్లో బిజినెస్ పేరుతో పడక్కుర్చీలే అమ్ముతున్నారు. డబ్బు కట్టేముందు విమానం రకం చూసుకోండి.

మొదటి నాలుగున్నర గంటలు అమ్మ లేస్తూ కూర్చుంటూ ఎలాగో గడుపుతుంది. పొడవాటి ప్రయాణానికి మాత్రం ఆమె ఒక్కదానికి సీటు పెంచుదామని చెల్లె అంది. ఇద్దరం సగం సగం వేసుకున్నాం. గంటకు ఆరు వేల పైచిలుకు పడింది. ఇప్పుడు మా ఊళ్లో నాటు కూలి రోజుకు అయిదు వందలనుకుంటే 196 రోజుల నాట్లు. ఈ లెక్క ఆ తమ్ముడికంటే ముందు నేనే వేసుకున్నాను, రాత్రి ఒంటిగంటకు, కార్డు నంబరు కొడుతూ.

అమ్మకు చెప్పలేదు. "మామూలు టికెట్టే అమ్మా, బస్సుల పెద్దమనుషులకు ముందల సీటు రాసిపెడతరు సూడు, గట్లనే" అన్నాను. నమ్మింది.

గల్ఫ్ దాకా వెళ్లే మొదటి విమానం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అందులో సగం మంది మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల అన్నలే. కొందరు మొదటిసారి వెళ్తున్నారు, కొందరు సెలవు ముగిసి తిరిగి వెళ్తున్నారు. అమ్మకు వాళ్లతో పది నిమిషాల్లో చుట్టరికం కలిసింది. ఒకతను తన సీటు బెల్టు పెట్టుకోవడం రాక ఇబ్బంది పడుతుంటే అమ్మ, అంతకు అయిదు నిమిషాల ముందే నేర్చుకున్న మనిషి, అతనికి పెట్టింది. నీళ్లు అడిగితే ఎయిర్ హోస్టెస్ మా వరసకు ఒక గొంతుతో, ముందు వరసలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాయనకు ఇంకో గొంతుతో జవాబు చెప్పింది. ఇద్దరిదీ ఎకానమీయే. ఇద్దరి టికెట్ మీదా ఉన్న అక్షరం ఒకటే. ఈ విమానాలే తిరుగు ప్రయాణంలో సామాను అరలో అన్నల శవపేటికలు కూడా తెస్తాయి. శంషాబాద్‌లో కార్గో గేటు దగ్గర నిలబడి ఎదురుచూసిన కుటుంబాలు మన వాడల్లోనే ఉన్నాయి. పొడవాటి విమానంలో ఏ సీటు మంచిదని రాసేవాళ్ల లెక్కలోకి ఈ ప్రయాణికులు రారు.

రెండో విమానంలో అమ్మను ముందు దించి నేను నా 41వ వరసకు పోయాను. విమానం లేచాక తెర వేశారు. తెరంటే ఏమనుకుంటున్నారో, మా ఇంట్లో వాకిలికి కట్టే చీరకంటే పల్చటి గుడ్డ. రెండు గంటల తర్వాత అమ్మ ఏం తిన్నదో చూద్దామని వెళ్తే ఆ గుడ్డ దగ్గర ఆపేశారు. మర్యాదగానే ఆపారు. మా అమ్మండీ, ఇంగ్లిష్ రాదు అన్నాను. "మేం చూసుకుంటాం సర్" అన్నారు. చూసుకున్నారు కూడా, అబద్ధమెందుకు. ఒక ఎయిర్ హోస్టెస్ అయితే నా ఫోన్ తీసుకెళ్లి, అమ్మ నిద్రపోతుంటే ఫొటో తీసి తెచ్చిచ్చింది. మీరు చూసిన ఫొటో అదే. తొమ్మిది నెలలు కడుపులో మోసిన తల్లికీ నాకూ మధ్య ఒక గుడ్డ, దాన్ని దాటే అర్హత ఖరీదు 98,000. నడవాలో నిలబడి నవ్వుకున్నాను.

ఇక అసలు విషయానికొస్తాను. ఆ సీటు ధర దేనికి?

పందొమ్మిదో శతాబ్దంలో జూల్ డుప్యుయి అని ఫ్రాన్స్‌లో ఒక ఇంజినీరు ఉండేవాడు. వంతెనలు, రోడ్లు కట్టేవాడు, వాటి మీద సుంకం ఎంత పెట్టాలని ఆలోచించేవాడు. అప్పట్లో రైళ్లలో మూడో తరగతి పెట్టెలకు కొన్నిటికి పైకప్పు ఉండేది కాదు, చెక్క బల్లలే. కంపెనీలు పిసినారివి కాబట్టి ఇలా చేస్తున్నాయని జనం అనుకునేవాళ్లు. 1849లో ఆయన రాసిందేమిటంటే, కప్పు వేయడానికి అయ్యే ఖర్చు కంపెనీకి ఒక లెక్క కాదు. మూడో తరగతి గనక ఓర్చుకోగలిగేలా ఉంటే రెండో తరగతి కొనగలిగినవాడు కూడా అందులోనే ఎక్కుతాడు. వాడు అటు రాకుండా భయపెట్టడానికి పేదవాడి నెత్తి మీద కప్పు తీసేశారు. పేదవాడి మీద కోపం ఉండి కాదు. డబ్బున్నవాడికి చూపించడానికి ఎవడో ఒకడు తడవాలి, అందుకు.

ఇది చదివినరోజు నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. ఎకానమీలో ఆ 31 అంగుళాలు ఎందుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. ఎక్కువమందిని కుక్కడం ఒక కారణం, నిజమే. టికెట్ చౌకగా ఉండటానికి కూడా ఆ కుక్కుడు పనికొస్తుంది, అదీ నిజమే. ఆ చౌక లేకపోతే జగిత్యాల అన్న విమానం ఎక్కేవాడే కాదు. కానీ ఇప్పుడు సీటు ముందే ఎంచుకోవాలంటే డబ్బు, కాళ్లకు కాస్త చోటున్న వరసకు డబ్బు, ముందుగా ఎక్కాలంటే డబ్బు. వీటిలో చాలావాటికి కంపెనీకి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అవి లేకపోవడం వల్ల మనకు కలిగే చిరాకే అక్కడ సరుకు. ముందు ఆ చిరాకును తయారుచేస్తారు, తర్వాత దాన్నుంచి విడుదల అమ్ముతారు. నలభై మంది పడుకోవడానికి వెనక మూడు వందల మంది ముడుచుకోవాలి. చాలాసార్లు ముందు భాగంలోంచి నడిపించి వెనక్కి పంపుతారు. ఆ మంచాలు మనకు కనబడతాయి.

ఇందులో మెట్లు ఉన్నాయి చూశారా. ఫస్ట్, బిజినెస్, ప్రీమియం ఎకానమీ, ఎకానమీ, అందులో మళ్లీ సీటు కూడా ఎంచుకోనివ్వని చవక రకం. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి జీతం లెవెల్ 14కు చేరితే బిజినెస్ క్లాస్, ఆ దిగువన ఎకానమీ. విదేశాల్లో చదువుకునే మన పిల్లలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో విమానం ఖర్చు ఎకానమీకే. బాబాసాహెబ్ శ్రేణీకృత అసమానత అన్నది మీకు నేను వివరించాల్సిన పని లేదు. ప్రతివాడికీ కింద ఒకడుంటాడు, కాబట్టి పైవాడి మీద ఎవడికీ పూర్తిగా కోపం రాదు. ప్రీమియం ఎకానమీవాడు బిజినెస్ వైపు చూసి ఈర్ష్యపడతాడు, మన వైపు చూసి ఊరట పడతాడు. ఆ ఊరటకే అతను డబ్బు కట్టాడు.

అయితే విమానాన్ని చూసి ఇదే కులం అని పోస్టు రాసెయ్యకండి. ఈ మధ్య మనలో ఆ అలవాటు పెరిగింది, కనబడిన ప్రతి నిచ్చెననూ కులం అనేయడం. బాబాసాహెబ్‌కు తొమ్మిదేళ్లప్పుడు, 1901లో, తండ్రి దగ్గరకు వెళ్తూ పిల్లలంతా మాసూర్ స్టేషన్‌లో దిగారు. మహార్లని తెలియగానే బండివాళ్లెవరూ రాలేదు. చివరికి కుదిరిన బేరం ఏమిటంటే, రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. ఆ రాత్రి దారిలో తాగడానికి నీళ్లు కూడా దొరకలేదు. రెట్టింపు డబ్బు కట్టి అందరికంటే అధ్వానమైన ప్రయాణం కొనుక్కున్న పిల్లవాడు ఆయన. డబ్బుతో తెరుచుకునే తెర వేరు, డబ్బు రెట్టింపు చేసినా తెరుచుకోనిది వేరు. విమానం తెర మొదటి రకం. అది కొనేవాడి కులం అడగదు.

ఇక్కడే నా ఉద్యమ మిత్రుడి మాట. అడగదు కాబట్టే కొనాలి అంటాడాయన. కొని కూర్చోవడమే ధిక్కారం అంటాడు.

1893 మన చరిత్రలో తమాషా సంవత్సరం. ఆ ఏడాది జూన్‌లో దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో, చేతిలో ఫస్ట్ క్లాస్ టికెట్ ఉన్న ఒక యువ లాయరును రైల్లోంచి దించేశారు. ఆ కథ మనకు ఒకటో తరగతి నుంచీ చెప్తారు. అదే ఏడాది తిరువాన్కూరులో అయ్యంకాళి అనే పులయ యువకుడు రెండు ఎడ్లనూ ఒక విల్లుబండినీ కొని, తెల్లబట్టలు కట్టి, తలపాగా చుట్టి, తనవాళ్లకు నిషేధించిన రాజమార్గం మీద తోలుకుంటూ పోయాడు. దెబ్బలాటలయ్యాయి. వెనక్కి తగ్గలేదు. ఈ కథ మనకు ఎంఏలో కూడా చెప్పరు. గాంధీ ఆ తర్వాత మూడో తరగతిలో తిరిగాడు, 1917లో మూడో తరగతి కష్టాల మీద రాశాడు కూడా. మంచిదే. కానీ వదులుకోవాలంటే ముందు చేతిలో ఉండాలి కదా. నిరాడంబరంగా బతకమని మనకు చెప్పేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. బాబాసాహెబ్ మంచి సూటు వేసుకుంటే గొణిగినవాళ్లు కూడా వీళ్ల తాతలే.

కాబట్టి మాదిగ బిడ్డ బిజినెస్ క్లాసులో కూర్చుంటే నాకు అభ్యంతరం లేదు. దాన్ని అయ్యంకాళి బండి అంటేనే అభ్యంతరం. ఆయన బండి పోయిన దారి వెంట తర్వాత వాడంతా నడిచింది. అందుకే అది పోరాటం. నేను అమ్మను ముందు కూర్చోబెట్టాక తెర పడింది. అమ్మ వెనక ఇంకెవరూ పోలేదు, కన్నకొడుకును కూడా పోనివ్వలేదు. 98,000తో ఎవరికీ దారి తెరుచుకోలేదు. ఒక నడుం పడుకుంది, అంతే. నాకు అది చాలు. దానికి జెండా కట్టొద్దు.

పైగా గౌరవం కొనుక్కున్నామనుకుంటే అదీ దొరకలేదు. అమ్మ పక్క సీట్లో ఒక తెలుగావిడ. కొడుకు దగ్గరకు వెళ్తోంది. మొదట ఊరి పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత "మీరేమిట్లండీ?" పదకొండు వేల మీటర్ల ఎత్తున, సముద్రం మీద, పట్టు దుప్పటి లాంటి దుప్పటి కప్పుకొని. అమ్మకు ఇలాంటివి దాటవేయడం రాదు. "మాదిగోళ్లమమ్మా" అంది. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత "అయితే ఈ టికెట్ గవర్నమెంటు ఇచ్చిందా?" అని అడిగిందట. కాదు, నా కొడుకు తీసిండు అంటే, "ఈ సీటు ఎంతో తెలుసా మీకు? లక్ష దాకా అవుతుంది" అని చెప్పిందట.

2023లో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అదే ఏడాది కాలిఫోర్నియాలో చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశాడు. అమెరికాలో కులం ఎక్కడుందండీ అని అప్పుడు టీవీల్లో అడిగినవాళ్లకు చెప్తున్నా, అమెరికా చేరకముందే ఉంది, దారిలోనే ఉంది, బిజినెస్ క్లాసులో కిటికీ పక్క సీట్లో ఉంది.

డాలస్‌లో కారెక్కగానే అమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నేను ఆవిడ మాట పట్టుకొని రగిలిపోతున్నాను. అమ్మ బాధ అది కాదు. "ఆమె అడిగింది నాకేం కొత్త? మీ నాయిన పుట్టకముందు నుంచి అడుగుతున్నరు. లచ్చ అన్నది సూడు, గది గుండెల గుచ్చుకున్నది. లచ్చ రూపాయలు వెట్టి నన్ను పండవెట్టినవారా? గంత పైస ఎట్ల కట్టబుద్ధైంది నీకు?" చెల్లె నవ్వుతోంది, ఏడుస్తోంది. కాసేపు పోయాక అమ్మే, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నడుం మాత్రం పట్టలేదురా" అంది.

ఇప్పుడు మెస్ బిల్లు తమ్ముడికి.

తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు. యూనివర్సిటీలో ఉన్నప్పుడు నా పేరు కూడా మెస్ బకాయిల నోటీసులో మొదటి పేజీలో ఉండేది. రెండుసార్లు నా రూమ్మేట్లు కట్టారు. ఆ అప్పు నా మీద ఉంది, ఎలా తీరుస్తున్నానో ఇక్కడ రాయను. కానీ మెస్ బిల్లు ఎందుకు బకాయి పడుతుందో నీకు తెలుసు. రావలసిన స్కాలర్‌షిప్ నెలల తరబడి రాదు కాబట్టి. ఆ లెక్క అడగాల్సిన గుమ్మం వేరే ఉంది. రెండోది, మూడోసారి బకాయి పడ్డప్పుడు కట్టింది అమ్మ. ఎవరి పొలంలోనో నాట్లకు ముందుగా కూలి అడిగి తెచ్చి పంపింది, నేను లెక్చరర్ అయ్యాక చెప్పింది. అంటే నా మెస్ బిల్లు ఒకసారి ఆ నడుంలోంచే తీశారు. మళ్లీ అందులోంచే తీయమంటే నా వల్ల కాదు. సగం పేచీ అన్నది ఇదీ. మిగతా సగంలో నువ్వే కరెక్ట్. అమ్మ స్థానంలో నేను కూర్చొని ఉంటే, సెల్ఫీ పెట్టి ఉంటే, నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

మీలో చాలామంది రేపు చదువులకో, సదస్సులకో పొడవాటి విమానాలు ఎక్కుతారు. ఎక్కాలి. అప్పు తెచ్చిన డబ్బుతో బిజినెస్ సీటు కొనకండి. ఇరవై అయిదేళ్ల నడుం పదహారు గంటలు ఓర్చుకుంటుంది, ఆ డబ్బుతో అక్కడ రెండు మూడు నెలల అద్దె గడుస్తుంది. నడవా పక్క సీటు అడగండి, రెండు గంటలకోసారి లేచి నడవండి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. మొత్తమ్మీద ఆ ప్రమాదం చిన్నదే, ఆరు వేల మందిలో ఒకరికి. అది ఎకానమీవాళ్ల జబ్బు అని పేరుపడింది కానీ కదలకుండా కూర్చుంటే ఏ తరగతైనా ఒకటే. అమ్మానాన్నలను తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ ముందే అడగండి, దానికి డబ్బు తీసుకోరు, నామోషీ పడకండి. గర్భిణులు, ఆపరేషన్ అయినవాళ్లు, అరిగిన నడుములు, వీళ్లకు మీ దగ్గర ఉంటే పెట్టండి. పిలిచిన సంస్థ బిజినెస్ టికెట్ పంపితే త్యాగం చేయకండి, పడుకొని వెళ్లి బాగా మాట్లాడి రండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, అంత చోటు ఒక్కరే తీసుకుంటారు కాబట్టి ఆ సీటు లెక్కలో కాలే ఇంధనం ఎకానమీ సీటుకు మూడింతల దాకా ఉంటుంది.

అమ్మ నవంబర్‌లో తిరిగి వస్తుంది. ఈసారి ఒంటరిగా. నిన్న చూస్తే అదే సీటుకు 1,12,000 చూపిస్తోంది. చెల్లె కొనేద్దామంటోంది, ఒక్కతే వస్తోంది కదా అని. నాకూ అదే సరైందనిపిస్తోంది. రాత్రి వీడియో కాల్‌లో మనుమరాలిని ఒళ్లో వేసుకొని అమ్మ మా ఇద్దరి మాటా కొట్టేసింది.

"నేను వెనుకనే కూసుంట. ముందల పెట్టెల పండవెట్టినట్టుండె, మాట్లాడుదామంటే మనిషి లేడు. ఉన్న ఒక్కామె గట్లడిగె. వెనుక అయితే లేచి అటో ఇటో తిరుగుత. మనోళ్లు ఉంటరు. నడవ పక్కపొంటి సీటు దొరుకుతదేమో అడుగు."

పదహారు గంటలమ్మా, నడుం పడుతుంది అన్నాను.

"పట్టనీ. నువ్వు అడుగైతే అడుగు" అంది.